ఆటకు యజమాని యెవరు?



మన కృష్ణాతీరపు పల్లెలలో ననేక దేవాలయముల మండపములందు రాతిపలకలమీద పులిజూదపు గీతలు కనబడుచుండును. వానిని గీసిన చేతు లెవరివో చెప్పగలవారు లేరు. బందరులో మా వీథి యరుగులమీద బాలికలు సుద్దముక్కతో అష్టాచెమ్మా గడులు గీసికొని, గవ్వలు దొరకనప్పుడు చింతపిక్కల నరగదీసి యాడుకొందురు. వామనగుంటల పీట లేని పాతయిల్లు మన ప్రాంతమున నరుదు. శివరాత్రి జాగరణమునాడు వైకుంఠపాళి పటము పరచుకొని తెల్లవారుదాక నాడిన జ్ఞాపకము మనలో ననేకులకు గలదు. ఈ యాటలలో దేనికిని యజమాని లేడు. పులులు మూడు, మేకలు పదునైదు అని యొక యూరివారందురు. మరియొక యూరివారు లెక్క మార్చుకొందురు. అడుగువాడు లేడు, అనుమతించువాడు లేడు, రుసుము గైకొనువాడు అసలే లేడు.

ఇట్టి యాటను గూర్చి యొకనాడెవరో వచ్చి, "ఇది మాది. దీనికి క్రొత్తకథ లల్లి యమ్ముకొనుటకు మీకు మేమే సెలవిచ్చియుంటిమి. ఇకమీదట నా సెలవు చెల్లదు" అన్నచో నేమగును? అమెరికాలో 2023వ సంవత్సరము జనవరి నెలయందు సరిగా నిట్టి వివాదమే పుట్టి, మూడువారములు చెలరేగి, తుదకు కంపెనీవారు తలయొగ్గుటతో ముగిసినది. ఎవరి యాటల తగవులో మనకెందుకని పుట త్రిప్పివేయవలదని నా మనవి. ఇచ్చినమాట యెంతకాలము నిలువవలెనను ప్రశ్న యందున్నది. నెలనెలకు చందా చెల్లించు సామాన్యుల చేతిలో నెంత బలమున్నదను ప్రశ్నయు నందున్నది. రెండును మన యిండ్లలోనివే గదా.

ఆ యాట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారిద్దరు దానిని కల్పించి 1974లో ప్రకటించిరి. గుడివాడలో మా అక్కగారి కుమారుడు సెలవులకు వచ్చినప్పుడు మిత్రులతో గూడి యాడుచుండగా నేను మొదటిసారి చూచితిని. పటమున్నదా యన్న నుండియు లేనట్లే. పావులున్నవా యన్న నక్కరలేదట. నలుగురైదుగురు గుండ్రముగా గూర్చుండి మాటలాడుకొనుచు, నడుమనడుమ పాచికలు దొరలించుచుండిరి.

"గెలిచిన దెవరురా నాయనా?" అని యడిగితిని.

"ఇందులో గెలుపోటములు లేవు పిన్నీ! కథ నడుచుటయే యాట" అనెను.

వానికంటె చక్కగా నాకు దానిని బోధించినది మన కూచిపూడి. మొవ్వ చేరువనున్న యా గ్రామపు భాగవతుల ప్రదర్శనమున సూత్రధారుడు కథను నడుపును. సత్యభామ వచ్చి తన పేరేమో, తన గుణమేమో చెప్పుకొని రంగము నాక్రమించును. సూత్రధారుడే మాధవి యను చెలికత్తెగా మారి ప్రశ్నలు వేసి యామెచేత మాటలాడించును. ఈ యాటయు నంతియే. ఒకడు సూత్రధారుడై, "మీరొక శిథిలమైన కోటకు వచ్చితిరి, లోపలినుండి యేదో బుసకొట్టు శబ్దము వినవచ్చుచున్నది" అని కథ నెత్తుకొనును. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, ఒకడు వీరుడుగా, ఒకతె మంత్రగత్తెగా, తామేమి చేయుదురో చెప్పుదురు. చేయదలచిన పని నెరవేరినదా లేదా యన్నది పాచిక తేల్చును. ఆ పాచికలలో నొకదానికి ఇరువది ముఖములు. మావారు బడిలో లెక్కలు చెప్పుదురు గనుక దానిని చూడగానే సంతోషించి, ఇరువది సమబాహు త్రిభుజములతో నట్టిదానిని అట్టముక్కతో చేసి పిల్లలకు జూపిరి.

ఇంతమాత్రము చాలును, ఆట నియమములు వందల పుటలున్నవి, వానితో మనకు బనిలేదు. మనము గమనింపవలసిన దొకటే. ఇట్టి యాటకు క్రొత్తకథలు నిరంతరము కావలెను. కూచిపూడివారికి భామాకలాప మొకటియే యున్నచో నెన్నాళ్లాడగలరు? గొల్లకలాపము కావలెను, యక్షగానములు కావలెను. అట్లే యీ యాటకును క్రొత్త కోటలు, క్రొత్త రాక్షసులు, క్రొత్త మంత్రములు వ్రాసి పుస్తకములుగా నచ్చొత్తించువా రనేకు లవసరము. మూలమును ప్రకటించిన కంపెనీ యొక్కటియే వాని నన్నిటిని సమకూర్పజాలదు.

మొదట దీనిని ప్రకటించిన టీఎస్సార్ అను కంపెనీ అప్పులపాలై, 1997లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను కంపెనీచేత కొనబడెను. ఆ కంపెనీని 1999లో హాస్బ్రో అను పెద్ద ఆటవస్తువుల కంపెనీ కొనెను. 2000లో ఆటకు మూడవ కూర్పు వెలువడినప్పుడు, రయన్ డాన్సీ యను నుద్యోగి సలహాననుసరించి, కంపెనీవా రొక బహిరంగ లైసెన్సు ప్రకటించిరి. ఆట యొక్క ప్రధాన నియమములను ఎవరైనను వాడుకొని తమ పుస్తకములు వ్రాసి యమ్ముకొనవచ్చును, రుసుము లేదు, ప్రపంచమంతట చెల్లును, శాశ్వతము. షరతులు కొద్దిపాటివి.

ఇది దానమనుకొనరాదు. డాన్సీ లెక్క వ్యాపారపు లెక్కయే. ఊరిలో నావకాయ పెట్టువారెందరు పెరిగిన జాడీలమ్మువానికంత లాభము. ఎవడే కథ వ్రాసి యమ్మినను, ఆడుటకు మూలగ్రంథము కొనక తప్పదు. మూలగ్రంథ మమ్మునది తామే. ఈ యుపాయము ఫలించెను. వందలకొలది చిన్న ప్రకటనకర్తలు బయలుదేరిరి. భార్యాభర్తలిద్దరు గూడి యింటిలోనే నడుపుకొను సంస్థలును వానిలో గలవు. ఒకరు వ్రాయుదురు, ఒకరు చిత్రములు వేయుదురు, మరియొకరు మూటలు గట్టి టపాకు బంపుదురు. ఇరువది సంవత్సరములకు పైగా నా లైసెన్సును నమ్ముకొని వా రిండ్లు నిలుపుకొనిరి.

నడుమ 2008లో నాలుగవ కూర్పునకు కంపెనీవారు మరింత బిగువైన లైసెన్సు పెట్టిచూచిరి. దానిని చాలమంది యొల్లరైరి. పైజో యను సంస్థవారు పాత లైసెన్సునే యాధారముగా జేసికొని 2009లో పాత్‌ఫైండర్ అను పోటీయాట నొకదానిని వెలువరించి బాగుపడిరి. 2014లో నైదవ కూర్పు వచ్చెను. 2016లో దాని నియమములును పాత బహిరంగ లైసెన్సు క్రిందికే తేబడినవి. ఒకసారి చేయి కాలినవారు రెండవసారి నిప్పుజోలికి పోరని లోకు లనుకొనిరి.

2022 డిసెంబరులో కంపెనీ యధికారిణి యొకామె వాటాదారులతో మాటలాడుచు, ఈ యాటనుండి రాదగినంత ధనము రాబట్టబడుటలేదని సెలవిచ్చెను. వాటాదారులకది తీపిమాటయే; ఆటగాండ్రకు మాత్రము గుండె ఝల్లుమనెను. ఆ నెల 21వ తేదీన, లైసెన్సు మారబోవుచున్నదనియు, సంవత్సరమునకు 7,50,000 డాలర్లకు మించి యమ్ముకొనువారు మాత్రమే భాగము చెల్లింపవలెననియు, అట్టివారు ప్రపంచమందంతటను ఇరువదిమందికి దక్కువయే యనియు కంపెనీ ప్రకటించెను. 2023 జనవరి 5వ తేదీన గిజ్మోడో యను ఇంటర్నెట్టు వార్తాపత్రిక, క్రొత్త లైసెన్సు యొక్క చిత్తుప్రతి తనకు దొరకినదని చెప్పి, దానిలోని యంశములను బయటపెట్టెను.

చదివినవారు నివ్వెరపోయిరి. 7,50,000 డాలర్లకు పైబడిన యమ్మకముమీద నూటికి 25 వంతులు కంపెనీకి జెల్లవలెను. లాభముమీద గాదు సుమీ, అమ్మకముమీద! ఒక సంస్థ సంవత్సరమునకు 10,00,000 డాలర్ల పుస్తకము లమ్మెననుకొందము. హద్దు దాటినది 2,50,000. దానిలో నాలుగవవంతు 62,500 డాలర్లు. కాగితమునకు, అచ్చునకు, చిత్రకారులకు, టపాకు బోగా నా సంస్థకు మిగులునది యంతయుండునో యుండదో! పచ్చళ్లు పెట్టి యమ్ముకొని సంసారము నీడ్చు స్త్రీలు మన గుడివాడలో నున్నారు. నూనెఖర్చు, కారముఖర్చు తీయక ముందే డబ్బాలోని పైకములో నాలుగవవంతు నొకరు తీసికొని పోయినచో నేమగునో వారికి వేరుగ జెప్పనక్కరలేదు. 50,000 డాలర్లకు మించి యమ్మువారు తమ లెక్కలను కంపెనీకి నివేదింపవలెను. వారు వ్రాసిన కథలను, సృష్టించిన పాత్రలను కంపెనీ తాను శాశ్వతముగా, రుసుము లేక, వాడుకొనవచ్చును. లైసెన్సును ముప్పది దినముల నోటీసుతో మార్చుటకో తీసివేయుటకో కంపెనీకి హక్కు గలదు.

ఇవన్నియు నొక యెత్తు. పాత లైసెన్సు ఇకమీదట "అధీకృతము" కాదన్న వాక్య మొక్కటి యొక యెత్తు.

ఇక్కడ కొంచెము నిలిచి యాలోచింపవలెను. ఇరువదిమందికే తగులు భాగము విషయమున వేలకొలదిమంది యేల కోపించిరని కొందరడిగిరి. ఆ వేలమంది కోపము భాగముమీద గాదు, ఈ యొక్కమాటమీద. 2000 నాటి పత్రమున నొక నిబంధన గలదు: లైసెన్సునకు క్రొత్తకూర్పులు రావచ్చును, వాడుకొనువారు "అధీకృతమైన" యే కూర్పునైనను వాడుకొనవచ్చును. ఇంతకాలమును దీని యర్థము, క్రొత్తది నచ్చకున్న పాతదానినే వాడుకొనవచ్చునని. కంపెనీవారు కూడ పూర్వము ప్రశ్నోత్తరరూపమున నట్లే చెప్పియుండిరి. ఇప్పుడు కంపెనీ న్యాయవాదులు, "అధీకృత మన్నచో మేమధీకరించినది, మేమధీకరించుట మానినచో నది చెల్లదు" అని క్రొత్తయర్థము దీసిరి. పైగా పత్రములో "శాశ్వతము" అని యున్నదే గాని "ఉపసంహరింపరానిది" అను మాట లేదు. ఆ రంధ్రము గుండ దూరబోయిరి.

భారతము చదివిన మనకు, సభలో నొక్కమాట యర్థముమీద ధర్మము వ్రేలాడుట క్రొత్తకాదు. ద్రౌపది కురుసభలో నడిగినదేమి? ధర్మరాజు ముందుగా తన్ను తా నోడినతరువాత తన్ను పణముగా నొడ్డుటకు ఆయనకు హక్కెక్కడిదని కదా! పాచికలు, అధికారము, మాట యొక్క యర్థము, ఈ మూడును గలసిన సభ యది. భీష్మునంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. ఇక్కడను న్యాయశాస్త్రజ్ఞులు తలకొక యభిప్రాయము జెప్పిరి. వ్యవహారము న్యాయస్థానమునకు బోలేదు గనుక తీర్పు నేటికిని లేదు.

శాశ్వతమన్న మాట యొక్కటియే చాలదని మన పూర్వు లెరుగుదురు. పాత గుళ్లలోని దానశాసనములను పెద్దలెవరైనను చదివి చెప్పగా వినుడు. "ఆచంద్రార్కము" అని వ్రాసి యంతటితో విడువరు. తానిచ్చినదైనను, ఇతరులిచ్చినదైనను, దానమును మరల హరించువాడు అరువదివేల యేండ్లు పురుగై పుట్టునని శాపము గూడ జేర్తురు. ఇచ్చుట యొకటి, మరల దీసికొనకుండుట యొకటి యని యా శాసనములు వ్రాసినవారికి దెలియును. డాన్సీగారి న్యాయవాదులకు మన శాసనములు చూపువారు లేకపోయిరి!

బలిచక్రవర్తి కథయు నాకు స్మరణకు వచ్చినది. మూడడుగుల నేల నిచ్చెదనని మాటయిచ్చిన తరువాత శుక్రాచార్యులు వచ్చి, సర్వస్వము పోవు సమయమున మాట తప్పిన దోషము లేదని శాస్త్రముజూపి చెప్పును. పోతనగారి భాగవతమున నష్టమస్కంధము చదివినవారికి ఆ ఘట్టము కంఠస్థమై యుండును. శుక్రుడు చెప్పినది శాస్త్రవిరుద్ధము గాదు. బుద్ధిమంతుడైన న్యాయవాది చెప్పినట్లే చెప్పెను. వినకపోవుటలోనే బలి గొప్పతనము. మన కంపెనీవారు శుక్రుని మాట వినిరి. అయితే వారికి మూడడుగులు కొలుచు వామనుడు మరియొక రూపమున వచ్చెను.

ఆ వామనుడు చందాదారుడు. హాస్బ్రోవారు 2022లో 14 కోట్ల 63 లక్షల డాలర్లు పోసి డీ అండ్ డీ బియాండ్ అను సంస్థను కొనియుండిరి. ఆట నియమములను, పాత్రల వివరములను ఇంటర్నెట్టు ద్వారమున నందించి, నెలనెలకు చందా దీసికొనుట దాని పని. జనవరి రెండవ వారమున ఆటగాండ్రు ఒకరికొకరు చెప్పుకొని, ఆ చందాలను రద్దుచేయ మొదలిడిరి. రద్దుచేయు పుట తాకిడికి దాళలేక నిలిచిపోయినదని పత్రికలు వ్రాసినవి. పదులవేల సంఖ్యలో జనులు బహిరంగలేఖపై చేవ్రాళ్లు చేసిరి. ఆటగాండ్ర పుస్తకములను పరిచయము చేయుచు వీడియోలు దీయువారు, పోటీయాటలను చూపుట కారంభించిరి. పైజోవారి పాత్‌ఫైండర్ మూలగ్రంథము ఎనిమిది నెలలకు సరిపడునన్ని ప్రతులు రెండువారములలో చెల్లిపోయినవి.

ఊరేగింపులు లేవు, కిటికీ లెవరును పగులగొట్టలేదు. నెలసరి చీటీలో నొక పద్దు కొట్టివేయుట, అంతియే. పాలలో నీరెక్కువైనప్పుడు మన మేమి చేయుదుము? పాలవానితో జగడ మాడుట కొంతవరకే; మరునాటినుండి మరియొకరియొద్ద పోయించుకొందుము. వీథిలో పదియిండ్లవారు గలసి యట్లు చేసినచో పాలు వెంటనే చిక్కబడును. ఆ పని వేలకొలదిమంది చేసిన నెట్లుండునో యా జనవరిలో లోకము చూచినది. 1930లో మన బందరు సముద్రతీరమున నుప్పు వండినవారిని దీనితో బోల్చుట నాకిష్టము లేదు. వారు లాఠీదెబ్బలు దిని చెరసాలలకు బోయిరి. వీరు పోగొట్టుకొన్నది వినోద మొకటి. ఐనను అందరి సొత్తుగా నున్నదానికి లైసెన్సు గట్టినప్పుడు సామాన్యునకు గలుగు రోష మొక్కటే జాతిది.

పోటీ సంస్థలు నూరకుండలేదు. జనవరి 12వ తేదీన పైజోవారు, ఏ కంపెనీ సొత్తును గాని క్రొత్త బహిరంగ లైసెన్సు నొకదానిని న్యాయవాదుల యధీనమున నిర్మింతుమని ప్రకటించిరి; పదునైదువందలకు మించిన ప్రకటనకర్తలు దానికి మద్దతు దెల్పిరి. ఆ సంవత్సరమే యది పూర్తియయ్యెను. మరునాడు, అనగా 13వ తేదీన, విజర్డ్స్‌వారు మొదటి సమాధాన మిచ్చిరి. భాగము గైకొనుట మానుకొంటిమనియు, ఇతరుల రచనలమీద హక్కు కోరమనియు చెప్పుచు, చివరను, మీరు గెలిచితిరని యందురు గాని మేమును గెలిచితిమని చమత్కారముగా ముగించిరి. క్షమాపణము చెప్పవలసిన చోట చమత్కార మెప్పుడును పనికిరాదు. అగ్నికి ఆజ్యము పోసినట్లయ్యెను.

కంపెనీవారి పక్షమునను గొంత చెప్పవలెను. ద్వేషమును రెచ్చగొట్టు రాతలు తమ యాటపేర వెలువడకుండ జూచుకొనుట తమ యుద్దేశములలో నొకటియని వారనిరి. అది మంచిదే. పెద్ద కంపెనీలు తమ శ్రమను ఉచితముగా దోచుకొనకుండ గాపాడుకొనవలెననిరి. అందును తప్పు లేదు. కాని యెలుకలున్నవని గాదెకు నిప్పుపెట్టుదురా? అదియుగాక, ఏది ద్వేషమో, ఏది కాదో నిర్ణయించు నధికారము తమకొక్కరికే యుండవలెననియు, దానిమీద నప్పీలు లేదనియు వ్రాసికొనిరి.

18వ తేదీన కంపెనీవారు క్షమాపణము చెప్పిరి. 19వ తేదీన మరియొక చిత్తుప్రతిని ప్రకటించి ఆటగాండ్ర యభిప్రాయముల నడిగిరి. పాత లైసెన్సును రద్దుచేయు సంకల్పము మాత్రము దానిలోను మిగిలియుండెను. పదునైదువేలకు మించినవారు సమాధానములు వ్రాసిరి. నూటికి 88 మంది ఈ క్రొత్త లైసెన్సుక్రింద తమ రచనలను ప్రకటింప మనిరి. నూటికి 89 మంది పాతదానిని రద్దుచేయుట తమకు సమ్మతము గాదనిరి. అభిప్రాయములకు ఫిబ్రవరి 3వ తేదీవరకు గడువుండెను. గడువు తీరువరకు నాగుట యనవసరమని కంపెనీవారికే తోచినది.

జనవరి 27వ తేదీన పాత లైసెన్సు జోలికి పోమని ప్రకటించిరి. అంతటితో నాగక, నియమములు గల సుమారు 400 పుటల గ్రంథమును క్రియేటివ్ కామన్స్ అను సార్వజనిక లైసెన్సుక్రింద లోకమున కొప్పగించిరి. క్రియేటివ్ కామన్స్ వేరొక సంస్థ నిర్మించినది. విజర్డ్స్‌వారు దానిని మార్చజాలరు. అందులో "ఉపసంహరింపరానిది" అను మాట స్పష్టముగా నున్నది. ఆటగాండ్రు అడిగినది పాతది నిలుపుమని. లభించినది దానికంటె గట్టిది.

ఇంతకును ఆటకు యజమాని యెవరు? దీనికి న్యాయశాస్త్ర మిచ్చు సమాధానము మన బందరు లడ్డూను జూచినచో సులభముగా దెలియును. శనగపిండి వేయించి, బెల్లపుపాకములో గలిపి, రోట దంచి చేయు పద్ధతి యెవరి సొత్తును గాదు. మీరు మద్రాసులో నున్నను చేసికొనవచ్చును. కాని బందరు లడ్డూ యను పేరునకు భౌగోళిక సూచిక రక్షణ గలదు. ఎక్కడనో చేసి యా పేరుతో నమ్మరాదు. ఇక దానినిగూర్చి యెవరైనను వంటపుస్తకము వ్రాసినచో, ఆ వాక్యములకు వ్రాసినవారికి కాపీరైటుండును. పద్ధతి వేరు, పేరు వేరు, వాక్యములు వేరు. ఆటయు నిట్టిదే. ఆడు విధానము నెవరును బిగబట్టలేరు. పేరును, గ్రంథములోని వాక్యములను, చిత్రములను మాత్రమే బిగబట్టగలరు.

ఇది మన దేశపు న్యాయస్థానమును తేల్చినదే. కలకత్తావారు రజత్, జయంత్ అగర్వాలా యను సోదరు లిద్దరు, స్క్రాబుల్ అను నక్షరముల యాటను పోలిన స్క్రాబులస్ అనుదానిని ఇంటర్నెట్టులో నడిపిరి. ఫేస్‌బుక్కులో దినమునకు లక్షలమంది యాడుచుండిరి. స్క్రాబుల్ హక్కులు అమెరికాలో హాస్బ్రోవారివి, మన దేశమున మాటెల్‌వారివి. 2008 జూలైలో హాస్బ్రోవారు న్యూయార్కున దావావేసిరి. ఆ నెలాఖరున అమెరికా, కెనడా దేశములలో నాట యాగిపోయెను. ఆడువారు స్క్రాబులస్‌ను రక్షింపుడని సంఘములు కట్టిరి. మాటెల్‌వారు ఢిల్లీ హైకోర్టున వేసిన దావాలో ఆ సెప్టెంబరునందు తీర్పు వచ్చెను. ఆట పలకకును, నియమములకును కాపీరైటు లేదు. పేరు మాత్రము స్క్రాబుల్‌ను పోలియున్నది గనుక మార్చుకొనవలెను. సోదరులు లెక్సులస్ అని పేరు మార్చిరి. ఆ డిసెంబరులో హాస్బ్రోవారు దావా నుపసంహరించుకొనిరి. అనగా, 2023లో కాలు జారిన యీ కంపెనీకి ఆటగాండ్ర కోపము క్రొత్తది గాదు.

హాస్బ్రోవారి భాండాగారమున నింక నేమేమున్నవో చూచినచో మనకు నవ్వును, కొంత నొప్పియు గలుగును. మన పచ్చీసు అక్కడ పార్చీసీ యను పేర 1874లోనే ట్రేడుమార్కైనది. చేతులు మారి 1989లో హాస్బ్రోవారికి జేరెను. మన వైకుంఠపాళిని ఆంగ్లేయులు తమ దేశమునకు గొనిపోయి పాములు–నిచ్చెనలు చేసిరి. మిల్టన్ బ్రాడ్లీ కంపెనీవారు 1943లో పాములను దీసివేసి జారుడుబండలు పెట్టిరి. ఆ కంపెనీని హాస్బ్రోవారు 1984లో కొనిరి. మన పటమున పాములకు పేర్లున్నవి, నిచ్చెనలకు పుణ్యములున్నవి. ఏ దుర్గుణమున నెంత క్రిందికి బడుదుమో పిల్లలు వ్రేలుపెట్టి చదువుకొందురు. జారుడుబండపై నేమి చదువుకొందురో నేనెరుగను.

ఇక మొనాపలీ. దీనిని 1930ల నాటి చార్లెస్ డారో యను నతడు కనిపెట్టెనని యేండ్లకొలది లోకము నమ్మినది. అంతకు ముప్పదియేండ్ల ముందే, 1904 జనవరి 5వ తేదీన, ఎలిజబెత్ మాగీ యను స్త్రీ "భూస్వామి యాట" యను పేర దీని మాతృకకు పేటెంటు పొందియుండెను. ఆమె కుఱచవ్రాత నేర్చి యుద్యోగము చేసిన వనిత. భూమిని గుత్తకు బట్టుకొన్నవాడు తక్కినవారి నెట్లు పీల్చునో చూపుటకే యామె దానిని కల్పించినది. సంపద యందరికి బంచు నియమావళి యొకటి, గుత్తదారుడు గెలుచు నియమావళి యొకటి, రెండు విధములుగా నాడుకొనునట్లు చేసినది. 1935లో పార్కర్ బ్రదర్సువా రామె హక్కులను 500 డాలర్లకు గొనిరి. డారోకు ధనమును కీర్తియు దక్కినవి. ఆమె పేరు మాసిపోయినది. గుత్తదారుడు గెలుచు నియమావళి మాత్రమే ప్రచారమునకు వచ్చినది. 1970లలో రాల్ఫ్ ఆన్స్‌పాక్ అను నాచార్యుడు తన మొనాపలీ వ్యతిరేకపుటాటపై నా కంపెనీతో వ్యాజ్యమాడుచు పాత కాగితములు తిరుగవేయగా నామె కథ వెలికి వచ్చినది. పార్కర్ బ్రదర్సును 1991లో కొన్నదియు హాస్బ్రోయే.

ఈ సంగతులన్నియు చెప్పగా మా అక్కకొడుకు, "అయితే పిన్నీ, పులిజూదము మీద రేపెవరైన హక్కు చెప్పినచో?" అనెను. పద్ధతిమీద నెవరును చెప్పలేరు. గుడి మండపములోని గీతలే సాక్ష్యము. అయితే దానికి అందమైన పెట్టెగట్టి, పేరుపెట్టి, ఆ పేరును రిజిష్టరు చేయించుకొనువా రుండవచ్చును. అప్పుడా పేరు వారిది, ఆట మనది. మన పెద్దమ్మలు, అత్తలు ఏయూర నే నియమముతో నాడిరో యొక పుస్తకమున వ్రాసి దాచుట మాత్రము మంచిపని. దివిసీమలో 1977 నవంబరు ఉప్పెన నాటికి ముందు వామనగుంటలు, పచ్చీసు ఆడిన ముదుసళ్లు నేడు కొలదిమందియే మిగిలియున్నారు. వారినడిగి తెలిసికొనుటకు లైసెన్సు అక్కరలేదు, ఒక మధ్యాహ్నము చాలును.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ విషయమున, 2025లో సవరించిన నియమముల గ్రంథమును గూడ కంపెనీవారు క్రియేటివ్ కామన్స్ క్రిందనే యుంచిరి. ఆ లైసెన్సు ననుసరించి యెవరైనను ఆ నియమములను తెలుగున కనువదింపవచ్చును. కోటలకు బదులు కొండవీడును, సర్పములకు బదులు కాళీయుని పెట్టుకొని, బందరులోనే యచ్చొత్తించి, అమ్ముకొనవచ్చును. అనుమతిపత్రము వ్రాయనక్కరలేదు, భాగము చెల్లింపనక్కరలేదు. మూలము ఎవరిదో, తాము మార్చిన దేమో, ఏ లైసెన్సుక్రింద దీసికొనిరో మొదటిపుటలో నొక వాక్యము వ్రాసిన జాలును.